కొట్టెయ్యని రీడింగు

ఇంజెక్షన్ ఇచ్చే ముందు నర్సమ్మ సిరంజిని పైకెత్తి, వేలితో రెండుసార్లు తట్టి, గాలిబుడగను బయటికి పంపేస్తుంది. చిన్నప్పట్నుంచీ మనమంతా చూస్తున్నదే. అలాంటిది, బుడగల్నే రక్తంలోకి ఎక్కించే పరీక్ష ఒకటుందంటే మొదట నేను నమ్మలేదు. నమ్మకం కుదిరాక మాత్రం నా ఫిజిక్స్ రికార్డు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

1968లో అమెరికాలోని రోచెస్టర్‌లో రేమండ్ గ్రామియాక్, ప్రవీణ్ షా అనే వైద్యులు గుండెను అల్ట్రాసౌండ్‌తో పరీక్షిస్తూ ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును ఎక్కించారు. వెంటనే బృహద్ధమనిలో ప్రతిధ్వనులు మబ్బులా కమ్ముకున్నాయి. యంత్రం లోపమని కొట్టిపారెయ్యకుండా ఉన్నదున్నట్టు ప్రచురించారు. ఆ మబ్బుకు కారణం రంగు కాదనీ, సన్నని బుడగలనీ తర్వాత తేలింది.

నేటి బుడగలు కొవ్వుతోనో ప్రోటీన్‌తోనో చేసిన పలుచని తొడుగులో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వంటి వాయువును నింపినవి. కొద్ది మైక్రాన్ల సైజు కనుక ఊపిరితిత్తుల కేశనాళికల్లోంచి కూడా దాటిపోతాయి. ధ్వని తరంగం తగిలితే ఉబ్బుతాయి, ముడుచుకుంటాయి. కానీ ఉబ్బినంతగా ముడుచుకోలేవు. అందుకే మనం పంపిన స్వరంతోపాటు రెట్టింపు ఫ్రీక్వెన్సీ స్వరాన్ని కూడా తిరిగి పంపుతాయి. కండ ప్రతిధ్వనిలోంచి రక్తం ప్రతిధ్వనిని వేరుచేసేది అలాగే. బుడగకొక సొంత స్వరముందని 1933లోనే మిన్నార్ట్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు, పారే నీటి గలగల గురించి రాస్తూ లెక్కగట్టాడు! పని ముగిశాక వాయువు ఊపిరితో బయటికి పోతుంది. ఎక్స్‌రేల బెడద లేదు, మూత్రపిండాలకు భారమూ లేదు.

భయాలు లేకపోలేదు. పరీక్ష తర్వాత కొందరు మరణించారన్న నివేదికల మీద 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక చేసింది. సాక్ష్యాలు మళ్లీ పరిశీలించి 2008లో కొంత సడలించింది. అనుమానం పుట్టించిందీ రాసిపెట్టిన రికార్డే, తగ్గించిందీ రాసిపెట్టిన రికార్డే.

ఇక మన సంగతికొద్దాం. లోలకం ప్రయోగంలో నాకు జి విలువ 9.8 రాలేదు. పక్కవాడి రికార్డు చూసి ‘సరిచేశాను’. మార్కులు పడ్డాయి. ఎందుకు రాలేదో మాత్రం ఇప్పటికీ తెలీదు! మిత్రులారా, ఈ పని చెయ్యనివాళ్లు మనలో ఎందరు?

తప్పంతా విద్యార్థిదే అనను. జవాబు సరిపోతేనే మార్కులన్నప్పుడు ఎవడైనా జవాబునే సరిపెడతాడు. అధ్యాపకులకు నాదొక్కటే మనవి: వింత రీడింగును దాచకుండా రాసి, కారణం వెతికినవాడికి కూడా మార్కులివ్వండి. ప్రతి వింత రీడింగూ కొత్త విషయం కాదు; చాలావరకు మన చేతకానితనమే కావచ్చు. అయితే కొట్టేసుకుంటూ పోతే ఏది ఏదో తేలేదెలా?

నా మటుకు నేను లోలకం మళ్లీ కడుతున్నాను. ఈసారి వచ్చిందే రాస్తాను.