దబ్బనం పట్టిన చెయ్యి
అల్లూరులో కోతలు మొదలైతే లెక్కంతా పుట్లలోనే. నెల్లూరు సీమ పుట్టి అంటే 850 కిలోల వడ్లు. ఆ పుట్టి కళ్లం దాటి మిల్లుకు చేరేలోగా ఎన్ని గింజలు దారిపాలవుతాయో తేల్చేది గోతం మూతి మీద పడిన కుట్టే. ఒక్క మడతతో సరిపెడితే చాలదు. జనపనార నేత వదులు; అంచుకు ఆనుకుని గుచ్చిన పురికొస, బరువు పడగానే పోగుల్ని లాక్కుని బయటికొచ్చేస్తుంది. మూతిని రెండు మడతలు వేసి, అంచుకు వేలెడు కిందుగా, దబ్బనాన్ని అన్ని పొరల్లోంచీ దించాలి. కుట్టుకూ కుట్టుకూ ఎడం సమానంగా ఉండాలి. మరీ బిగలాగితే నేతే కోసుకుపోతుంది. రెండు మూలలా చెవులు వదలడం మరవకూడదు; పట్టు దొరక్కపోతే మోసేవాడు కొక్కెం గుచ్చుతాడు, గుచ్చినచోటల్లా గోతానికి బొక్కే. జనపనార సంచుల వాడకాన్ని తప్పనిసరి చేసే చట్టం 1987లోనే వచ్చింది. నారకు, దాన్ని నేసే మిల్లుకు అండ దొరికింది, మంచిదే. ఆ సంచి మూతి కుట్టే చేతి సంగతో? కుట్టుకూలిని మోత కూలిలో కలిపేయకుండా విడిగా లెక్కగట్టాలి. ఎండలో నడుం వంచి గోతం వెంట గోతం కుట్టడం చిల్లరపని కాదు, నేర్చిన పని. వచ్చే కోతలకైనా కళ్లాలకు ఖాళీ గోతాలతో పాటు గట్టి పురికొస, పదునైన దబ్బనాలు కూడా పంపండి.