కొబ్బరికాయ కొట్టగానే సరిపోదు

వార్షిక సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు వచ్చినప్పుడు, "కంప్యూటర్ల గురించి రాయన్నా, చదివేవాళ్ళకు పనికొస్తుంది" అన్నారు. పనికొచ్చేది నా దగ్గర ఒక్కటే ఉంది. అది నేను చేసిన తప్పు. విజయాల గురించి రాసేవారు ఈ సంచికలో చాలామందే ఉంటారు. నేను మాత్రం నా తప్పును గురించీ, దాని వెనుక ఉన్న మన అందరి అలవాటును గురించీ రెండు మాటలు మనవి చేసుకుంటాను.

మాది ఎమ్మిగనూరు. మా నాయన మగ్గం నేస్తాడు. 2016లో నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా, ఆదోనిలో పత్తి కమీషన్ వ్యాపారం చేసే ఒక సావుకారు తన కొట్టుకు వెబ్‌సైటు చేసిపెట్టమన్నాడు. ఏ రైతు ఎన్ని క్వింటాళ్ళు తెచ్చాడు, ఎంత చెల్లించారు, ఎంత బాకీ ఉంది అనేవి అందులో చూసుకోవాలి. నెల రోజులు నిద్ర కాచి పి.హెచ్.పి. భాషలో రాశాను. మొదలుపెట్టిన నాడు కంప్యూటరుకు కుంకుమబొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. సావుకారు చేతిలో డబ్బు పెట్టి "మన ఊరి పిల్లోడు" అని నలుగురికీ చూపించాడు. ఆ రోజు నా కాళ్ళు నేల మీద లేవు.

ఆ తర్వాత నేను ఆ సైటు వైపు తిరిగి చూడలేదు. చూడమని ఆయన అడగలేదు. అడగాలని ఆయనకు తెలియదు. చెప్పాలని నాకు తోచలేదు.

2020లో ఒక రోజు పొద్దున్నే ఫోను వచ్చింది. "ఏమప్పా, మన సైటు తెరిస్తే పేకాట బొమ్మలు వస్తాండాయి. నువ్వేమన్నా పెట్టినావా?" అన్నాడు సావుకారు. పరుగెత్తి చూస్తే ఎవరో లోపలికి దూరి జూదం ప్రకటనలు పెట్టిపోయారు. బొమ్మలు తీసివేయడం పెద్ద పని కాదు. నాకు చెమటలు పట్టింది ఇంకొకందుకు. ఆ సైటు వెనుక ఒక పట్టిక ఉంది. అందులో రైతుల పేర్లు, ఫోను నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్నాయి. ఆ పేర్లలో మా మేనమామ పేరు కూడా ఉంది. ఎవరి డబ్బూ పోయినట్టు వినలేదు. కాని ఆ పట్టిక ఎవరి చేతికి పోయిందో నేటికీ చెప్పలేను.

ఇది ఎందుకు జరిగింది? దొంగ గొప్పవాడై కాదు, నేను నిద్రపోయాను గనుక. అది వివరించాలంటే ఈ భాష కథ కాస్త చెప్పాలి.

గ్రీన్‌లాండులో పుట్టిన రాస్మస్ లెర్డార్ఫ్ అనే ఆయన 1994లో తన సొంత పేజీ కోసం రాసుకున్న చిన్న పనిముట్లే ఈ పి.హెచ్.పి.కి మూలం. 1995 జూన్‌లో వాటిని లోకానికంతా ఉచితంగా ఇచ్చేశాడు. 1997లో ఇజ్రాయెల్‌కు చెందిన జీవ్ సురాస్కీ, ఆండీ గుట్‌మాన్స్ అనే ఇద్దరు, తమ విశ్వవిద్యాలయం ప్రాజెక్టుకు అది చాలక, మొదటినుంచీ తిరగరాశారు. అదే 1998లో మూడవ వెర్షన్‌గా వచ్చింది. గమనించండి, ఇది విద్యార్థుల చేతిలో పెరిగిన భాష! వర్డ్‌ప్రెస్, కళాశాలల్లో వాడే మూడుల్, మనం రోజూ చూసే తెలుగు వికీపీడియా నడిచే మీడియావికీ, అన్నీ ఇందులో రాసినవే. ఏ భాషలో నడుస్తున్నాయో తెలిసిన వెబ్‌సైట్లలో ముప్పాతిక వంతుకు అటూ ఇటూగా దీని మీదే ఉన్నాయి.

ఇంత విస్తారంగా వాడే భాషలో తప్పులు ఉంటాయి. అవి బయటపడుతూనే ఉంటాయి, దిద్దుతూనే ఉంటారు. అందుకొక పద్ధతి ఉంది. ఏటా నవంబరు, డిసెంబరు ప్రాంతంలో, అంటే మన ఆదోని యార్డుకు పత్తి బాగా వచ్చే రోజుల్లోనే, ఒక కొత్త వెర్షన్ వస్తుంది. 2023 నవంబరులో 8.3, 2024 నవంబరులో 8.4, 2025 నవంబరులో 8.5 వచ్చాయి. ఒక్కొక్కదానికి మొదటి రెండేళ్ళు అన్ని తప్పులూ దిద్దుతారు. ఆ తర్వాత రెండేళ్ళు భద్రతకు సంబంధించినవి మాత్రమే దిద్దుతారు. 8.2కు 2026 డిసెంబరు 31తో, 8.3కు 2027 డిసెంబరు 31తో గడువు ముగుస్తుంది. ఇందులో రహస్యం లేదు. రైల్వే టైంటేబుల్ మాదిరి ముందే ప్రకటిస్తారు.

గడువు దాటిన నాడు భాష ఆగిపోతే బాగుండేది. ఆగదు. నిన్నటిలాగే నడుస్తుంది. అక్కడే మనం మోసపోతాం. ఆదోని కోట గోడలు ఇంకా నిలిచే ఉన్నాయి. కావలివాడు లేడు, అంతే.

నేను వాడిన 5.6కు 2018 డిసెంబరు 31తో గడువు ముగిసింది. అంటే సావుకారు సైటు ఏడాదికి పైగా కావలి లేకుండా ఉంది. సరే, వెంటనే కొత్త వెర్షన్‌కు ఎందుకు మార్చలేదంటారా? మార్చలేకపోయాను. డేటాబేసుతో మాట్లాడడానికి నేను వాడిన పాత మై.ఎస్.క్యు.ఎల్. ఆజ్ఞలను వదిలిపెట్టమని 2013లో 5.5తోనే చెప్పారు. 2015 డిసెంబరులో వచ్చిన 7.0లో తీసేశారు. నేను 2016లో కూడా వాటినే వాడాను. ఎందుకంటే నా పుస్తకం పాతది, నా నోట్సు సీనియర్ దగ్గర తెచ్చుకున్నది. రాసే రోజుల్లో ఆ భాష నన్ను ప్రతిసారీ హెచ్చరించింది. నేనేం చేశానో తెలుసా? హెచ్చరికలు కనబడకుండా చేసే ఒక్క వాక్యాన్ని పైన రాసి, దాని నోరు నొక్కాను!

"అది 2016 నాటి మాట, ఇప్పుడు అందరికీ తెలుసు" అనేవారికి 2024 నాటి మాట చెబుతాను. మన వైపు నేను చూసిన ల్యాబుల్లో విండోస్ కంప్యూటరు మీద జాంప్ వేసుకొని పి.హెచ్.పి. నేర్పుతారు. నేనూ అట్లే నేర్చుకున్నాను. పి.హెచ్.పి.ని సి.జి.ఐ. అనే పాత పద్ధతిలో నడిపేటప్పుడు, బయటివాడు చిరునామాలో పంపిన మాటలు లోపల ఆజ్ఞలుగా పోగలవని 2012లో బయటపడింది. అడ్డగీతతో మొదలయ్యే మాటలను ఆపి దానికి విరుగుడు వేశారు. కాని విండోస్, కొన్ని భాషల అమరికల్లో, అడ్డగీతను పోలిన మరో గుర్తును తానే అసలు అడ్డగీతగా మార్చివేస్తుంది. గేటు దగ్గర ఎవరో చుట్టంలా కనిపించి, లోపలికి పోయాక పాత దొంగ అయినట్టు! తైవాన్‌లోని డెవ్‌కోర్ సంస్థలో పనిచేసే ఆరెంజ్ సాయ్ దీన్ని కనిపెట్టాడు. 2024 జూన్ 6న 8.1.29, 8.2.20, 8.3.8 అనే దిద్దుబాట్లు వచ్చాయి. రెండు మూడు రోజుల్లోనే, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే ముఠాలు అదే సందులోంచి దూరడం మొదలుపెట్టాయి.

ఇందులో రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, జాంప్ మామూలుగా వేసుకున్న అమరికే ప్రమాదంలో ఉంది. చైనా, జపాన్ భాషల విండోస్ మీద అది రుజువైంది. తక్కినవారు కూడా నిశ్చింతగా ఉండకుండా మార్చుకోవాలనే కనిపెట్టినవారు చెప్పారు. రెండవది మరీ ముఖ్యం. ఆ దిద్దుబాటు గడువులో ఉన్న మూడు వెర్షన్లకే వచ్చింది. 8.0 వాడేవారికీ, 7 వాడేవారికీ, నాలాగా 5 దగ్గరే ఆగినవారికీ రాలేదు. వ్యాధి అందరిదీ, మందు కొందరికే.

"పని చేస్తున్నదాన్ని ముట్టుకోకూడదు" అని కొందరు పెద్దలు అంటారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. వెర్షన్ మారిస్తే పాత పని చెడుతుంది. ఒక ఉదాహరణ చెబుతాను. సున్నా, "ఆదోని" అనే మాట, రెండూ సమానమా అని అడిగితే 7.4 దాకా పి.హెచ్.పి. "సమానమే" అనేది. 2020 నవంబరులో వచ్చిన 8.0 నుంచి "కాదు" అంటుంది. ఆదోని సున్నాతో సమానం కాదని తెలుసుకోవడానికి దానికి అన్నేళ్ళు పట్టింది! కాని ఆ పాత జవాబును నమ్ముకొని రాసిన లెక్కలు తలకిందులవుతాయి కదా. కాబట్టి భయం నిజమే. అయితే ఆ భయానికి విరుగుడు మానేయడం కాదు, కొంచెం కొంచెంగా తరచు చేయడం. 8.3.7 నుంచి 8.3.8కు మారడంలో కొత్త పోకడలేమీ ఉండవు, దిద్దుబాట్లే ఉంటాయి. అది ఆ వారమే చేసుకోవాలి. 8.3 నుంచి 8.4కు పోవడానికి ముందు, పక్కన ఒక నకలు పెట్టుకొని పరీక్షించాలి. 5 నుంచి 8కి ఒకేసారి దూకేవాడికే నడుము విరుగుతుంది.

ఇది మా ఇంట్లో నేను రోజూ చూసిన పనే. మగ్గం మీద పడుగు అయిపోవస్తే మా నాయన దాన్ని పూర్తిగా తీసేయడు. పాత పడుగు కొసలు అచ్చులోనే ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతుకుతాడు. వందల పోగులు, ఒక్కటి తప్పినా గుడ్డలో కనిపిస్తుంది. సైటు సంగతి విన్నాక ఆయన ఒక్కటే అన్నాడు: "మగ్గం కొన్న రోజు కొబ్బరికాయ కొడతాం, ఆ తర్వాత దినామూ చూసుకోవల్ల గద రా. నువ్వు కొబ్బరికాయ కొట్టి వచ్చేసినావు." ఇంతకన్నా బాగా ఏ ప్రొఫెసరు గారూ నాకు చెప్పలేదు.

మరి ఆ దిద్దుబాట్లు ఉచితంగా వస్తాయి కదా, ఎవరు చేస్తున్నారు? ఎక్కడెక్కడివాళ్ళో చేస్తున్నారు. 2021 మార్చిలో, పి.హెచ్.పి. మూలప్రతి ఉంచిన సర్వరులోకి ఎవరో చొరబడి, లెర్డార్ఫ్ పేరు మీదే దొంగదారి తెరిచే వాక్యాలు చేర్చారు. కొద్ది గంటల్లో పట్టుకొని తీసివేశారు. ఎవరో ఒకరు వచ్చిన ప్రతి మార్పునూ చదువుతున్నారు గనుకనే అది సాధ్యమైంది. అదే ఏడాది నవంబరులో, ఎన్నో ముఖ్యమైన పనులు భుజాన వేసుకున్న నికితా పొపోవ్ వేరే పనికి వెళుతున్నట్టు ప్రకటించాడు. లోకం బరువంతా ఇంత కొద్దిమంది మీద ఉందా అని అప్పుడు కంపెనీలకు మెలకువ వచ్చింది. పలువురు కలిసి పి.హెచ్.పి. ఫౌండేషన్ పెట్టి, పనిచేసేవారికి జీతాలిచ్చే ఏర్పాటు చేశారు. ఎమ్మిగనూరువాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ఒంటరి నేతగాడు నిలబడలేడని తెలిసే మాచాని సోమప్ప గారు 1938లోనే ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు.

ఇక మన కళాశాల సంగతికి వస్తాను. విభాగానికొక సైటు, ఉత్సవానికొక సైటు, పూర్వ విద్యార్థులకొక సైటు పెట్టుకుంటాం. ప్రాజెక్టుగా ఎవరో ఒక బ్యాచ్ చేస్తుంది. అతిథి వచ్చి మీట నొక్కుతారు, ఫోటో వస్తుంది. వేసవిలో ఆ బ్యాచ్ వెళ్ళిపోతుంది. పాస్‌వర్డు కూడా వారితోనే హైదరాబాదో బెంగుళూరో వెళ్ళిపోతుంది! మిగిలేది మన మార్కులు, ఫోను నంబర్లు, ధ్రువపత్రాల నకళ్ళు ఉన్న కావలి లేని ఇల్లు. ఇలాంటి చొరబాటు జరిగితే తెలిసిన 6 గంటలలోగా తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వపు సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. తెలియజేయాలంటే ముందు మనకు తెలియాలి కదా! నాకు తెలిసింది సావుకారు చెబితే.

అందుచేత సంఘానికి నా మనవి ఇది. ఇంకొక కొత్త సైటు ప్రారంభించే ముందు, ఉన్నవాటికి ఒక రిజిస్టరు పెట్టండి. సైటు పేరు, ఏ వెర్షన్, దాని గడువు తేదీ, చివరిసారి దిద్దుబాటు వేసిన రోజు, నకలు ఎక్కడుంది, బాధ్యుడెవరు, ఇంతే రాయండి. ప్రతి ఏడూ వెళ్ళే బ్యాచ్ వచ్చే బ్యాచ్‌కు సంతకం తీసుకొని అప్పగించాలి. చూసేవారు దొరకని సైటును మూసేయడమే మర్యాద. లెక్చరర్లకు కూడా ఒక మాట, అధికప్రసంగం అనుకోవద్దు. ల్యాబులో కొత్త ప్రోగ్రాము రాయించడంతో పాటు, పాతదాన్ని ఒక వెర్షన్ ముందుకు జరిపే పరీక్ష ఒక్కటైనా పెట్టండి. ఉద్యోగంలో చేరినవాడికి మొదట అప్పగించేది చాలాసార్లు ఎవరో రాసిపోయిన పాత కోడే.

సావుకారు సైటు మళ్ళీ రాశాను. డబ్బు తీసుకోలేదు. ఖాతా నంబర్లు అందులో ఉంచలేదు. నెలకొకసారి, జీతం వచ్చిన రోజున, కూర్చొని చూస్తాను. అరగంట పని. ఎవరూ కొబ్బరికాయ కొట్టరు, ఫోటో తీయరు. మా మేనమామ మాత్రం కనిపించినప్పుడల్లా, "నా నంబరు భద్రమేనా అల్లుడూ?" అని నవ్వుతాడు. ఆయనకు అది పరిహాసం. నాకు మాత్రం అది ప్రతి నెలా రాయవలసిన పరీక్ష.