అసిర్పా నోట ఐను మాట



మన గ్రూపులో యానిమే చూసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామందే ఉన్నారు. నరుటో, వన్ పీస్ గురించి గంటలు మాట్లాడతారు గానీ ‘గోల్డెన్ కాముయ్’ పేరెత్తేవాళ్ళు తక్కువ. నన్నడిగితే ఆదివాసీ పిల్లలు ముందు చూడాల్సింది అదే.

జపాన్‌కి ఉత్తరాన హొక్కైడో దీవి ఉంది. అక్కడి ఆదివాసులు ఐనులు. సర్కారు ఆ దీవిని కలుపుకున్నాక వాళ్ళ జింకల వేటకీ, సాల్మన్ చేపలకీ అడ్డుపడింది. 1899లో ‘రక్షణ’ పేరుతో చట్టం తెచ్చి సాగు చేసుకోమంది, బడిలో జపనీస్ నేర్పింది. అది రద్దయింది 1997లో. ఐనులు మూలవాసులని చట్టంలో రాయడానికి 2019 దాకా పట్టింది. రక్షణ అనే మాట మనం కూడా విన్నదే గదా!

సతోరు నోడా ఈ కామిక్‌ని 2014 నుంచి 2022 దాకా గీశాడు. అందులో అసిర్పా అనే ఐను పిల్ల ఒక మాజీ సైనికుడికి అడవి నేర్పిస్తుంది. ఉచ్చు ఎలా పెట్టాలి, ఉడుత మాంసాన్ని కత్తితో మెత్తగా కొట్టి ‘చితతప్’ ఎలా చేయాలి, తినేటప్పుడు ‘హిన్నా’ అని ఎందుకనాలి, అన్నీ ఆమే చెప్తుంది. కాముయ్ అంటే దేవత. ఎలుగుబంటి కూడా దేవతే, మాంసం, తోలు కానుకగా మోసుకొని మనుషుల ఇంటికి చుట్టంగా వస్తుందని ఐనుల నమ్మకం. ఆ మాటలు తప్పుపోకుండా హిరోషి నకగావా అనే భాషావేత్త చూసుకున్నాడు. ఆ శ్రద్ధ నాకు నచ్చింది.

అయితే 2024లో విడుదలైన సినిమాలో అసిర్పా వేషం ఐను కాని నటికి వెళ్ళింది. (అదే నెలలో తకరజుకా అనే ఆడవాళ్ళ నాటక బృందం ‘ఆర్ఆర్ఆర్’ వేసింది. మన భీం వేషం కూడా జపాన్ అమ్మాయే కట్టింది. కానీ వాళ్ళకి భీం సముద్రం అవతలి కథ. అసిర్పా సొంత దేశంలో అణగదొక్కినోళ్ళ బిడ్డ. రెండూ ఒకటెలా అవుతాయి?)

నోడా కంటే చాలా ముందే ఈ పని మొదలుపెట్టింది చిరి యుకియె అనే ఐను అమ్మాయి. ఇంట్లో అవ్వ పాడిన ‘యూకర్’ పాటలు పదమూడింటిని ఐను భాషలో రోమన్ అక్షరాలతో రాసి, పక్కనే జపనీస్ అర్థం పెట్టింది. రాతప్రతి పూర్తిచేసి 1922లో గుండెజబ్బుతో చనిపోయింది. అప్పటికి 19 ఏళ్ళు. పుస్తకం మరుసటి ఏడు అచ్చయింది.

మన గ్రూపులో సగంమందికి అదే వయసు. సెలవులకి ఊరెళ్తున్నారుగా, అవ్వ పాడేటప్పుడు ఫోన్‌లో రికార్డు చేయండి. పాడిందెవరు, ఏ ఊరు, ఏ పండగప్పటి పాట, అదీ కింద రాసి ఇక్కడ పెట్టండి.