గడప దగ్గర ఆగిన నేస్తం



రక్తపిశాచాల కథలంటే నాకు మొదటినుండీ చిన్నచూపే. మా అబ్బాయి పట్టుబట్టి చూపించిన 'లెట్ ద రైట్ వన్ ఇన్' అనే స్వీడిష్ చలనచిత్రం (2008) ఆ చిన్నచూపును పోగొట్టింది. దర్శకుడు తొమాస్ ఆల్ఫ్రెడ్‌సన్. 2004లో వెలువడిన తన నవలకు లిండ్‌క్విస్ట్ తానే చిత్రానువాదం వ్రాసుకొన్నాడు. కథ చివరంటా ప్రస్తావిస్తున్నాను గనుక, చూడదలచినవారు ఇక్కడ ఆగవచ్చు.

స్టాక్‌హోమ్ శివారులోని బ్లాకెబెర్గ్. 1980ల తొలినాళ్ళు. ఎటుచూసినా మంచు. పన్నెండేళ్ళ ఆస్కర్ తల్లిదండ్రులు విడిపోయారు. బడిలో కోనీ అనేవాడూ వాని అనుచరులూ అతణ్ణి నిత్యం హింసిస్తూంటారు. పక్క వాటాలోకి హాకన్ అనే వయసు మళ్ళిన మనిషితో ఏలీ అనే బిడ్డ వస్తుంది. ఆ బిడ్డకూ పన్నెండేళ్ళే. కాకపోతే చాలాకాలంగా పన్నెండేళ్ళే! నడుమనున్న గోడపై తట్టుతూ సంకేతలిపిలో ఇద్దరూ మాటలాడుకొంటారు.

ఇందులో అంగిరసం భయానకమని పలువురి అభిప్రాయం. నాకు మాత్రం కరుణమే అనిపించింది. పిశాచం ఎవరింటనైనా అడుగుపెట్టాలంటే లోపలివారు రమ్మనాలి. ఆస్కర్ పరీక్షించదలచి ఆ మాట అనడు. అయినా ఏలీ గడప దాటుతుంది. ఒడలంతా రక్తం చిమ్ముతుంది. అప్పుడు అతడు విలపిస్తూ రమ్మంటాడు. ఈ కథలో అనుమతి అడిగేది పిశాచమొక్కటే. కోనీ ఏనాడూ అడగలేదు. ఆ వయసు ప్రణయానికి ఇంతకన్న ఉదాత్తమైన రూపం నేనెరుగను.

మరి పెద్దలెక్కడ? బిడ్డలను పెద్దలు కొట్టరాదని 1979లోనే ప్రపంచంలో అందరికన్న ముందు శాసనం చేసిన దేశమది. పెద్దల చేయి దిగింది సరే. పిల్లల చేతులలోని బెత్తాన్ని చూసే కన్ను మాత్రం తెరుచుకోలేదు. చెంపమీది గాయం చూసి తల్లి అడిగితే, ఆస్కర్ పడిపోయానంటాడు. ఆమె నమ్ముతుంది.

ఈ సన్నివేశం వద్ద నా గుండె కలుక్కుమన్నది. నా తరగతిలోనూ ఒక బాలుడు చిరిగిన చొక్కాతో వచ్చి "పడిపోయాను మాస్టారూ" అన్నాడు. నేను నమ్మాను. నమ్మడమే సుఖం గనుక నమ్మాను. ఆనాడు ఆమెనిచ్చి పద్యపాఠం పూర్తిచేయడమే నాకు ముఖ్యమైంది. కొన్నాళ్ళకు అతడు బడి మానివేశాడు. కారణం తెలిసి కూడా నేను అతని ఇంటి గడప తొక్కలేదు.

చివర ఈతకొలనులో ఆస్కర్‌ను ముంచి చంపబోయినవారిని ఏలీ తునుమాడుతుంది. మా అబ్బాయి చప్పట్లు చరిచాడు. నేను చరచలేకపోయాను. పెట్టెలో ఏలీని ఉంచుకొని రైలెక్కిన ఆస్కర్ ముఖంలో నాకు హాకన్ కనిపించాడు. ఏలీ కొరకు హత్యలు చేసి, చివరకు తన నెత్తురే ఇచ్చి రాలిపోయిన హాకన్! ఆ బాలుని బ్రతుకూ అటే పోదని ఎవరనగలరు?

అయితే తప్పు ఏలీది కాదు. ఒంటరి బిడ్డ తలుపు మనం తట్టనప్పుడు, తట్టినవారినే వాడు రమ్మంటాడు. వచ్చింది ఎవరని అడిగే హక్కు ఆపై మనకు లేదు.

మీలో ఉపాధ్యాయులుంటే ఒక్క మనవి. "పడిపోయాను" అన్న బిడ్డను రెండోసారి అడగండి.