బడికి కావలి యెవరు?

పాఠశాలలందు శిక్షితములైన పోలీసు జాగిలములను తిప్పినయెడల గంజాయి మొదలగు మత్తుపదార్థములు తొలగి, విద్యార్థులకు క్షేమము కలుగునని తలంచువారు కొందరు కలరు. అమెరికాలోని పెక్కు బడులలో ఈ యాచారము కలదు. గుడిబండవంటి సరిహద్దు ప్రాంతముల తల్లిదండ్రులకు ఈ తలంపు రుచించుట వింత గాదు. బిడ్డను గూర్చిన భయము కన్నవారిని నిద్రపోనీయదు. ఆ భయమును మేము చులకనగా జూడము. కాని భయము చూపిన మందెల్ల రోగమునకు తగినదగునా యని విచారింపవలసియున్నది.

జాగిలముల శక్తిని మేము కాదనము. హైదరాబాదు చెంత మొయినాబాదులో వానికి నెలల తరబడి శిక్షణ మిచ్చు పోలీసు సంస్థ కలదు. మనుష్యుని కంటికి కానరాకుండ మూటలలో దాచిన గంజాయిని జాగిలము పసిగట్టగలదు. 2024వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మత్తుపదార్థముల నరికట్టుటకై 'ఈగిల్' అను ప్రత్యేక దళమును నెలకొల్పి, ప్రజలు సమాచారము తెలుపుటకు 1972 అను ఫోను సంఖ్యను ప్రకటించినది. ఇట్టి దళమునకు జాగిలములు కావలసినన్ని యుండవలెను. హిందూపురము రైలు స్టేషనులోను, కర్ణాటకమునకు పోవు బాటలయందును అవి తిరుగవలెను. వర్తకుని మూట సాగు దారియే వాని తావు. తరగతి గది కాదు.

కెనడాలోని సార్నియా పట్టణమున ఒక హైస్కూలునకు 2002లో పోలీసులు జాగిలముతో వచ్చిరి. ఏ విద్యార్థి మీదను ప్రత్యేకమైన అనుమానము లేదు. పిల్లలను తరగతులలో నుంచి, వ్యాయామశాలలోని సంచులను జాగిలముచే వాసన చూపించిరి. ఒక సంచిలో మత్తుపదార్థము దొరకినది. అయినను 2008 ఏప్రిల్ 25వ తేదీన ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ శోధన రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పినది. మన దేశమునందును 1985 నాటి మత్తుపదార్థముల చట్టములోని 50వ సెక్షను, దేహశోధనకు గురియగు వ్యక్తి కోరినయెడల నతనిని గెజిటెడు అధికారి కడకో, మేజిస్ట్రేటు కడకో తీసికొనిపోవలెననియు, స్త్రీని స్త్రీయే శోధింపవలెననియు శాసించుచున్నది. అనుమానితుడైన పెద్దవానికే ఇంతటి రక్షణ ముండగా, ఏ యనుమానమును లేని బాలుని వరుసలో నిలిపి జాగిలముచే పరీక్షింపజేయుట న్యాయమా? అట్టి పరీక్ష వచ్చెనేని మొదట ఎవరి బడికి వచ్చును? ధనికుల బిడ్డలు చదువు బడికా, కూలివాని బిడ్డ చదువు సర్కారు బడికా? పాఠకులే యోజింతురుగాక.

ఇక మన బడులలో శునకములు లేకపోలేదు; కాని యవి శిక్షితములు గావు. ప్రహరీ లేని ఆవరణములలో మధ్యాహ్న భోజనపు పళ్లెముల చుట్టు తిరుగు ఊరకుక్కలవి. అనుమానాస్పదమైన జంతువులచే కరవబడువారిలో నూటికి సుమారు 40 మంది 15 ఏండ్లలోపు పిల్లలేయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. రేబీసు లక్షణములు పొడసూపిన పిమ్మట ప్రాణము దక్కుట దాదాపు అసంభవము. కావుననే 2025 నవంబరు 7వ తేదీన మన సుప్రీంకోర్టు, విద్యాసంస్థలకు గోడలు, కంచెలు, గేట్లు ఏర్పరుపవలెననియు, అచ్చటి వీధికుక్కలను తొలగించి మరల నచ్చటనే విడువరాదనియు, స్థానిక సంస్థలు 3 నెలల కొకమారైన తనిఖీ చేయవలెననియు ఆజ్ఞాపించినది. 2019 నవంబరు 14వ తేదీన ఆరంభమైన 'నాడు-నేడు' పథకమునందును ప్రహరీగోడ యొక యంశమై యుండెను. గుడిబండ మండలమున ఏ బడికి గోడ పూర్తియైనదో, ఏ బడికి కాలేదో తెలుపు పట్టికను అధికారులు బహిరంగముగ ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము.

గోడతోనే పని ముగియదు. విద్యాసంస్థకు 100 గజములలోపల పొగాకు వస్తువులను అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ గజములను గొలుచుటకు జాగిలమేల? గ్రామస్థుని కన్ను చాలును. కుక్క కరచిన గాయమును వెంటనే సబ్బుతో 15 నిమిషములు కడిగి, ఆలస్యము లేక టీకా వేయింపవలెనని ప్రతి యుపాధ్యాయుడును ఎరిగియుండవలెను. దురభ్యాసమున చిక్కిన బాలుడు కానవచ్చినచో, అతనికి వైద్యుని సలహాయు, గురువు ఆదరణయు కావలెను గాని ఠాణా మెట్లు గాదు.

జాగిలము సంచిలోని మూటను కనిపెట్టును. బిడ్డ మొగములోని మార్పును కనిపెట్టవలసినవారు తల్లిదండ్రులును, గురువులును. ఆ బాధ్యతను గొలుసు కట్టిన జంతువునకు అప్పగించి మనము నిశ్చింతగ నుండదగదు. గుడిబండ పౌరులారా, రేపే మీ బడికి పోయి గోడ చుట్టును ఒక్కమారు నడచి చూడుడు. ఎచ్చట సందున్నదో మీకే తెలియును. ఆ సందును పూడ్చుటయే మొదటి కావలి.