గింజ చూపిద్దాం, నోట్లో కుక్కొద్దు



మొన్న పేరెంట్స్ మీటింగ్ అయ్యాక ఒక తల్లి ఆగి, "మేడమ్, మా బాబు ఇంట్లో ఫోన్ చూపిస్తూ నేను తినిపిస్తేనే తింటాడు. స్కూల్‌కి పంపిన బాక్స్ పంపినట్టే తిరిగొస్తోంది. ఆయమ్మ చేత రెండు ముద్దలు పెట్టించరా?" అని అడిగారు. బాబు యూకేజీ. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చూద్దామండీ" అన్నాను. ఆ రాత్రి నాకు బంటుమిల్లిలో మా అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. వేసవి సెలవులు. సైకిల్ మీద గంపలో రంగు పూసిన కోడిపిల్లలు అమ్మకానికొస్తే ఏడ్చి రెండు కొనిపించుకున్నాను. ఒకటి గులాబీ, ఒకటి ఆకుపచ్చ. తల్లి లేని పిల్లలు కదా, ఆకలికి చచ్చిపోతాయని నా భయం. ఆకుపచ్చ దాని ముక్కు తెరిచి అన్నం మెతుకులు కుక్కాను. సాయంత్రానికి అది చచ్చిపోయింది.

అమ్మమ్మ నన్ను తిట్టలేదు. రెండోదాన్ని గంపలో గోనెసంచి మీద పెట్టి, పైన బల్బు వేలాడదీసింది. గోరువెచ్చని నీళ్ళలో దాని ముక్కు కొన ఒక్కసారి తాకించింది. కాగితం పరిచి నూకలు చల్లి, వేలితో టక్ టక్ అని కొట్టింది. పిల్ల ఆ వేలినీ, కాగితాన్నీ, తన కాలివేళ్ళనీ కూడా పొడిచింది. చాలాసేపటికి ఒక నూక దొరికింది. నేను చెయ్యి పెట్టబోతే, "నువ్వు పెడితే మింగుతుందే, తినడం మాత్రం రాదు" అని ఆపింది.

చదువులేని అమ్మమ్మ చేసినదానికి శాస్త్రం ఉందని టీచర్ అయ్యాక తెలిసింది. ఇరవై ఒకటో రోజున గుడ్డు పగలడానికి కాస్త ముందే, మిగిలిన పచ్చసొన పిల్ల కడుపులోకి వెళ్తుంది. రెండు మూడు రోజులు ప్రాణం నిలబెట్టేది అదే. మిగతా గుడ్లు పొదిగేదాకా తల్లికోడి కదలకుండా కూర్చోగలిగేదీ, హేచరీల నుంచి పిల్లలు పెట్టెల్లో దూర ప్రయాణం చేయగలిగేదీ అందుకే. అలాగని పిల్లను ఆకలితో ఉంచమని కాదు. మేత, నీళ్ళు ఎంత త్వరగా అందుబాటులో ఉంటే అంత మంచిది. అందుబాటులో ఉంచడం వేరు, నోట్లో కుక్కడం వేరు.

పొడవడం కోడిపిల్లకు పుట్టుకతోనే వస్తుంది. ఏది తిండో, ఏది ఇసుకో మాత్రం తెలియదు. మొదటి రోజుల్లో రెండింటినీ పొడుస్తుంది. పొడిస్తే కడుపు నిండేది దేనితోనో నెమ్మదిగా నేర్చుకుంటుంది. ఆ తప్పులే దాని చదువు.

మరి తల్లికోడి ఏం చేస్తుంది? నేల గీరి, గింజ ముక్కున పట్టి, మళ్ళీ కింద వదిలి, కొక్ కొక్ అని పిలుస్తుంది. పిల్ల నోట్లో మాత్రం పెట్టదు. 1996లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టీన్ నికోల్, పోప్ అనే పరిశోధకులు ఒక సంగతి ప్రచురించారు. ఫలానా రంగు మేత బాగుండదని కోళ్ళకు ముందే అనుభవం కలిగించారు. తర్వాత తమ పిల్లలు ఆ రంగు మేతనే తింటున్నట్టు కనబడితే, తల్లికోళ్ళు తమ ముందున్న మేతను మరింతగా పొడిచి, గీరి చూపించాయట. పిల్ల తప్పు చేస్తోందనిపిస్తే తల్లి చేసే పని, ఇంకా బాగా చూపించడం!

మనం చేస్తున్నదేమిటి? అన్నప్రాశన రోజున పుస్తకం, కలం, బంగారం ముందుపెట్టి, "ఏది పట్టుకుంటావో నీ ఇష్టం" అని ఆరు నెలల బిడ్డను వదులుతాం. ఆ తర్వాత ఐదేళ్ళొచ్చినా ముద్ద వాడి చేత్తో పట్టుకోనివ్వం. బట్టలు పాడవుతాయని, టైమ్ లేదని, బస్సు వచ్చేస్తుందని. మీ హడావుడి నాకు తెలుసు, నేనూ తల్లినే. కానీ ఫోన్ చూస్తూ మింగే బిడ్డకు తన ఆకలి ఎప్పుడు మొదలైందో, కడుపు ఎప్పుడు నిండిందో తెలిసే అవకాశం ఎక్కడుంది?

ఈ తప్పు ఇళ్ళకే పరిమితం కాదు. హోంవర్క్ త్వరగా అవ్వాలని జవాబు చెప్పేసే అమ్మా, సిలబస్ పూర్తవ్వాలని బోర్డు మీద జవాబు రాసేసే మేమూ చేస్తున్నది ఒకటే. మార్కులు వస్తాయి. నేర్చుకోవడం రాదు.

"వదిలేస్తే మా వాడు అసలు తినడండీ" అని కొందరు అంటారు. వదిలేయమని నేను అనడం లేదు. అమ్మమ్మ ముక్కు నీళ్ళలో తాకించింది, బల్బు వెలిగించింది, పక్కనే కూర్చుంది. తల్లి లేని పిల్లకు ఆ మాత్రం సాయం కావాలి. బిడ్డ బరువు తగ్గుతున్నా, మింగడానికి ఇబ్బంది పడుతున్నా ముందు డాక్టర్‌కు చూపించండి. అలాంటిదేమీ లేకపోతే, రోజుకు ఒక్క పూట ఇలా చేసి చూడండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి. కింద పాత దుప్పటి పరవండి. మీ కంచం, బిడ్డ కంచం పక్కపక్కన పెట్టుకుని మీరూ తినండి. కొంచెమే వడ్డించండి. కింద పడితే తిట్టకండి, మళ్ళీ చూపించండి.

ఆ బాబు ఇంట్లో ఇదే మొదలుపెట్టారు. ఇక్కడ ఆయమ్మ పెట్టలేదు, పక్కన కూర్చుని తన బాక్స్ తాను తిన్నది. మొదటి వారం పెద్ద మార్పేమీ లేదు, వాళ్ళమ్మ రోజూ ఫోన్ చేశారు. మూడో వారం ఒకరోజు పులిహోర సగం అయింది. చొక్కా నిండా పసుపే. ఆ మరక సంగతి డైరీలో రాసి పంపాను. కింద ఆవిడ, "ఉతుక్కుంటాలెండి మేడమ్" అని రాశారు.

అన్నట్టు, మా గులాబీ పిల్ల బతికింది. రంగు వెలిసిపోయి తెల్లని పుంజయింది.

— ప్రైమరీ విభాగం ఉపాధ్యాయిని