'పాపం' అన్న నోటితోనే...

'మయూరి' మళ్లీ చూశాను. 1985లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన ఆ సినిమా గురించి ఇంకా చెప్పేదేముంది అంటారా? ఉంది. నా తప్పొకటి ఒప్పుకోవాలి.

మొదటిసారి చూసినప్పుడు అందరిలాగే జేబురుమాలు తడిపేసుకుని హాలు బయటికొచ్చాను. "పాపం, ఎంత కష్టం!" అన్నాను. "ఎంత బాగా నటించింది!" అన్న మాట మాత్రం నా నోట రాలేదు. నిజంగా తనకి జరిగిందేగా, ఇందులో నటనేమిటి అనుకున్నాను కాబోలు.

జరిగింది మీకు తెలిసిందే. 1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదం. సుధాచంద్రన్ కుడికాలు తీసేయాల్సి వచ్చింది. తర్వాత డాక్టర్ పి.కె. సేథీ, చేతిపనివాడు రామచంద్ర శర్మ కలిసి రూపొందించిన జైపూర్ కాలు ఆదుకుంది. దానితో చెప్పుల్లేకుండా నడవొచ్చు, బాసింపట్టు వేసుక్కూర్చోవచ్చు. కానీ దానికి స్పర్శ ఉండదు సుమండీ! తట్టు అడవు వేస్తే నేల తగిలిందో లేదో ఆ పాదం చెప్పదు. అరమండిలో బరువు ఎటు ఒరుగుతోందో పైనున్న ఒళ్లే కనిపెట్టుకోవాలి. అలా సాధన చేసి 1984 జనవరిలో బొంబాయిలో మళ్లీ వేదికెక్కింది.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. పోయిన కాలు కెమెరా ముందు మళ్లీ పోగొట్టుకోవాలి. 'యాక్షన్' అంటే ఏడవాలి, 'కట్' అంటే ఆపాలి. నిజమైన దుఃఖం కట్ అంటే ఆగుతుందా? ఆగే దుఃఖాన్ని వేరే తయారుచేసుకోవాలి. దాన్నే కదండీ నటన అంటాం!

ఈ పొరపాటు హాలీవుడ్ వాళ్లూ చేశారు. 1944లో సైనిక శిక్షణలో పేలుడు జరిగి హెరాల్డ్ రస్సెల్ రెండు చేతులూ పోయాయి. సైన్యం ఆయన మీద 'డైరీ ఆఫ్ ఎ సార్జెంట్' అనే డాక్యుమెంటరీ తీసింది. అది చూసిన విలియం వైలర్ 'ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్' (1946)లో వేషమిచ్చాడు. పోటీలో ఎలాగూ నెగ్గడులే అని అకాడమీ వారు ఒక గౌరవ ఆస్కార్ సిద్ధం చేసి ఉంచారు. తీరా చూస్తే ఉత్తమ సహాయనటుడూ ఆయనే! ఒకే వేషానికి రెండు ఆస్కార్లు. ఒకటి జాలికి, ఒకటి నటనకి అనుకోవాలి.

మన సుధాచంద్రన్‌కి జాతీయ స్థాయిలో ప్రత్యేక జ్యూరీ బహుమతి వచ్చింది. సంతోషమే. కానీ మరో తార ఎవరైనా ఆ వేషం కట్టి నాలుగు రీళ్లు కుంటి ఉంటే, 'పాత్రలో జీవించింది' అని నేనే రాసి ఉండేవాణ్ణి. నిజంగా జీవించిన మనిషిని మాత్రం 'పాపం' అని సరిపెట్టాను.

ఆ మాట ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాను. సుధాచంద్రన్ గారూ, బాగా నటించారు.